తప్పులు పట్టని కంపైలర్

సీతారాండేరాలోని మా కాలేజీలో సి ప్లస్ ప్లస్‌ను ఇప్పటికీ నీలం తెర మీదే నేర్పుతాం. రాసిన ప్రోగ్రాములో తప్పులు చూసి నడిపించే ఆ కంపైలర్ మా విద్యార్థుల కంటే వయసులో పెద్దది. లోకమంతా దాన్ని ఎప్పుడో వదిలేసింది గానీ మా డిపార్టుమెంటు హెడ్ రాజబాబు గారు వదల్లేదు.

శుక్రవారం దగ్గర్లోని గమ్హరియా నుంచి ఒక కంపెనీ వాళ్లు పరీక్ష పెట్టడానికి వస్తున్నారు. వాళ్లు వాడేది కొత్త కంపైలర్. నా క్లాసులో అందరికన్నా చురుకైన పద్మశ్రీ ఆ ఉద్యోగం మీదే ఆశలన్నీ పెట్టుకుంది. అందుకే ల్యాబులో కొత్తది వేయించమని రాజబాబు గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను.

విసిగిపోయి ఆయన రెండింటికీ పోటీ పెట్టారు. మార్కులు కూడే తన సొంత ప్రోగ్రామునే రెండింటికీ ఇచ్చారు. నీలం తెర కిక్కురుమనకుండా ఒప్పుకుంది. కొత్తది మొదటి లైన్లోనే తప్పు పట్టింది. అది దిద్దితే ఇంకోటి పట్టింది. చివరికి, కూడిక మొదలుపెట్టే ముందు మొత్తాన్ని సున్నా చేయలేదని, అందులో ముందే ఉన్న చెత్త అంకె కూడా కలిసిపోతుందని హెచ్చరించింది.

"ఏటమ్మా డార్కస్! ఇరవయ్యేళ్లుగా నడుత్తన్న ప్రోగ్రాం. దీనికి వొంకలెట్టడానికి అదెవరు?" అని రాజబాబు గారు నా మీద లేచారు.

"అందుకే కద సార్, ఒక్కోసారి పిల్లలకి వందకి మూడువేల మార్కులొత్తన్నాయి?"

"అలాగొచ్చినప్పుడు బంద్ చేసి మళ్లీ నడపట్లేదేటి?"

తక్కువ తప్పులు చూపించేదే మంచి కంపైలర్ అని తీర్పు చెప్పేశారు. అందరికీ నూటికి నూరు వేసే మేష్టారికి బహుమతి ఇచ్చినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం పూట నా ల్యాప్‌టాప్ మీద పద్మశ్రీకి కొత్త పద్ధతి చూపించాను. కానీ మూడేళ్ల అలవాటు వేళ్లను అంత తొందరగా వదులుతుందా? శుక్రవారం కంగారులో పాత పద్ధతిలోనే మొదలుపెట్టింది. కంపైలర్ మొదటి లైన్లోనే ఆపేసింది. లెక్కంతా తెలిసిన పిల్ల, టైమైపోయేదాకా ఆ ఒక్క లైను వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

కంపెనీ వాళ్లు మా వాళ్లలో ఎవర్నీ తీసుకోకుండా వెళ్లిపోయారు. రాజబాబు గారు మాత్రం పద్మశ్రీ దగ్గరకొచ్చి ప్రేమగా భుజం తట్టారు.

"ఏడవకమ్మా. అదే మన ల్యాబులో రాసుంటే నీకు ఒక్క తప్పూ ఉండీది కాదు తెల్సా!"

పద్మశ్రీ కళ్లు తుడుచుకుంది.

"అయితే ఆ నౌకరీ కూడా మన ల్యాబులోనే ఇచ్చీండి సర్."