సూదుల గదిలో పెరిగిన బాబు

నీహారిక నడుం నొప్పికి చెయ్యని వైద్యం లేదు. ఎముకల డాక్టరు బెల్టు కట్టించాడు, ఆఫీసువాళ్లు కుర్చీ మార్చారు, అత్తగారు పుణ్యవతి కాకినాడ నుంచి తైలం సీసాలు మోసుకొచ్చింది. నొప్పి మాత్రం పట్టిన పట్టు విడవలేదు. చివరికి ప్రతి శనివారం నల్లగండ్ల నుంచి కొత్తగూడ వెళ్లి, సుబ్రహ్మణ్యం గారి దగ్గర ఆక్యుపంక్చర్ చేయించుకోవడం మొదలుపెట్టింది.

ఆయన బోర్లా పడుకోబెట్టి, నడుముకీ మోకాళ్ల వెనకా వెంట్రుకంత సన్నటి సూదులు దించి, ఇరవై నిమిషాలు కదలొద్దనేవారు. పక్క మంచానికీ ఆమెకీ మధ్య పచ్చ తెర ఒక్కటే అడ్డం. ఆ పక్క మంచం పుప్పాలగూడ భాగ్యమ్మది. మోకాళ్ల నొప్పులు, తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం, ఆవిడ జబ్బులు ఏకరువు పెట్టడానికే ఒక పూట పడుతుంది. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"నడుమా బిడ్డా? ఆపరేషన్ కాన్పా?" అని మొదటిరోజే అడిగింది.

"అవునండి."

"గా వెన్నుల ఇచ్చే సూదే గిట్ల చేస్తది. మా కోడలుకు గూడ గంతే. కొడుకా, బిడ్డనా?"

"బాబు."

అంతవరకూ నిజమే. "ఎన్ని నెలలు?" అని ఆవిడ అడగ్గానే నీహారిక మనసులో లెక్కేసుకుని, "పది" అంది. ఉండుంటే పదే.

ఉంటేగా! పుట్టిన గంటకే పోయాడు. అప్పటికి ఆమె మత్తులో ఉంది. మత్తు దిగేసరికి పెద్దవాళ్లు తొందరపడి అంతా ముగించేశారు. చూస్తే మరిచిపోలేదట, అదీ వాళ్ల తెలివి. చూడనిదాన్ని ఎలా మరిచిపోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఫోటో కూడా లేదు. బాబును చేతుల్లోకి తీసుకున్నది భర్త అవినాష్ ఒక్కడే. "ఎలా ఉన్నాడు?" అని ఆమె ఎన్నిసార్లడిగినా, "వద్దు నీహా" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవాడు. ఆ ఒక్క సంగతి తెలుసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఇంట్లో ఎవరూ తలవని బాబు కొత్తగూడలో, ఆమె భాగ్యమ్మకు చెప్పే కబుర్లలో మాత్రం వారం వారం పెరిగాడు. పాకాడు. రాగిజావ ఉమ్మేశాడు. పళ్లొచ్చాయి. ఎనిమిదో వారానికి నొప్పి పోయింది. ఆ మాట చెబితే ఇక రావద్దంటారని భయపడి, "ఇంకా ఉందండి" అని నొప్పి లేని నడుముకే సూదులు గుచ్చించుకుంది. సిగ్గేసింది. అయినా మానలేదు. భాగ్యమ్మ ప్రశ్నల్లో ఒక్కదానికే ఆమె దగ్గర జవాబుండేది కాదు. "ఎవలి పోలిక?" అంటే నవ్వి ఊరుకునేది.

ఆ శనివారం వాన. క్యాబులు దొరకవని అవినాషే కారులో తీసుకొచ్చాడు. ఎప్పుడూ రానివాడు లోపలికొచ్చి ఆమె మంచం పక్కన స్టూలు మీద కూచున్నాడు. అప్పటికే సూదులు దించేశారు, ఆమె కదలడానికి లేదు.

"ఎవలు బిడ్డా, మీ ఆయననా?" అంది తెర అవతలి నుంచి భాగ్యమ్మ. "ఏం బాబూ, పిలగాన్ని ఎవలి దగ్గర ఇడిసొచ్చిన్రు?"

నీహారికకు తల తిప్పి అతని ముఖం చూసే వీలు లేదు, బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఇప్పుడు లేస్తాడు, ఏ పిల్లాడండీ అంటాడు. బాబు ఇక్కడ కూడా చచ్చిపోతాడు.

బూట్లు కదల్లేదు.

"ఏడాది నిండింది గద? ఎవలి పోలికనో ఈ పిల్లనడిగితే జెప్పదు. జర నువ్వన్న జెప్పు."

బూట్లు మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాయి.

"నుదురు వాళ్లమ్మదేనండీ," అన్నాడు అవినాష్. "ముక్కు నాది. తల నిండా జుట్టు. ఎడమ చెవి కింద చిన్న మచ్చ. వేళ్లు సన్నగా, పొడుగ్గా... నా వేలు గట్టిగా పట్టుకున్నాడండీ."

"సల్లగుండని. నూరేండ్లు బతకని," అని దీవించింది భాగ్యమ్మ.

కదలకూడదు కాబట్టి నీహారిక కదలకుండానే ఏడ్చింది. తర్వాత చెయ్యి చాపి, తడుముకుంటూ అతని మోకాలు పట్టుకుంది.

"ఇంకా చెప్పు," అంది.