గోనెసంచిలో కళ్ళద్దాలు

నేను ఒక కళ్ళద్దాల జతను. సినిమావాళ్ళు పెట్టుకునే రకం అనుకునేరు, అంత భాగ్యం నాకెక్కడిది! దళసరి ప్లాస్టిక్ అద్దాలు, తల వెనక్కి రబ్బరు పట్టీ, చూడ్డానికి కప్ప మొహం. నిప్పురవ్వలూ రాతిముక్కలూ కంట్లో పడకుండా అడ్డం నిలబడటమే నా పని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలియదు గానీ, లోకం చూసింది మాత్రం కరీంనగర్ దగ్గర గ్రానైట్ కోసే షెడ్డులో, తిరుమలేశు మొహం మీద నుంచి. వాడు రాయి కోస్తుంటే దుమ్మంతా నేనే తిన్నాను.

తిరుమలేశు ఆ పని మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాక నన్ను వాళ్ళక్క కోమల చేతిలో పెట్టాడు. "బావ నిప్పుతోని ఆటలాడుతుండు గదక్కా, ఇవి పెట్టుకొమ్మను" అన్నాడు. ఆ బావే ఓదెలు. హనుమకొండలో బస్సు డ్రైవరు. సెలవు దొరికితే చాలు, పాత కోట దగ్గర జరిగే కాకతీయుల మేళాకు పెళ్ళాన్ని వెంటేసుకుని పరిగెత్తేవాడు. అక్కడ బ్యాంకు ఉద్యోగులూ మందుల షాపువాళ్ళూ పంచెలు బిగించి ఆనాటి సైనికులైపోతారు, కుమ్మరులైపోతారు. మావాడు కమ్మరి. కొలిమి రాజేసి, ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి కొడుతుంటే వాడి మొహం చూడాలి! వారమంతా హారన్ మోతలతో విసిగిపోయిన మనిషి అక్కడ పసివాడైపోయేవాడు.

కోమల ప్రతిసారీ నా రెండద్దాలూ కొంగుతో తుడిచి ఇచ్చేది. "మసకగున్నయని తీసి పక్కన పెడ్తవ్, నీ సంగతి నాకెరికే. కండ్లు మంచిగుంటెనే బస్సు, బస్సుంటెనే మనం" అనేది.

ఆ ఏడు మేళాకు కొత్త పెద్ద వచ్చాడు. ధనుంజయ్ అని, కాలేజీలో చరిత్ర చెప్పే సారు. కాకతీయుల కాలంలో లేని వస్తువేదీ జనం కంటపడకూడదని నియమం పెట్టాడు. వాచీలూ ఫోన్లూ నేనూ, అందరం గోనెసంచిలోకే. "ఓదెలన్నా, ఆ కాలం కమ్మరికి ప్లాస్టిక్ అద్దాలెక్కడియే? వీడియోల చూసి నవ్వుతరు, తీసెయ్" అన్నాడు. అన్నది ఎందులో? మైకులో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఓదెలు కాసేపు తటపటాయించాడు. కోమల వంటల దగ్గర ఉంది, లేకపోతే ఊరుకునేదా? "ఒక్క బల్లెం మొననే గద సారూ" అని నన్ను తీసి సంచిలో వేశాడు.

గోనె కన్నాల్లోంచి కొలిమి వెలుగు కనిపిస్తూనే ఉంది. కాలిన ఇనుము మీద పొర కడుతుంది, దాన్ని చిట్టెం అంటారు. దెబ్బ పడితే అది ముక్కలై ఎగురుతుంది. ఆ ముక్కల మచ్చలు నా ఒంటినిండా ఉన్నాయి. సంచిలోంచే సుత్తి దెబ్బలు లెక్కపెడుతున్నాను. అంతలో "అమ్మా!" అని ఓదెలు కేక. సుత్తి కింద పడింది. జనం అదీ ఆటేననుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కోమల ఒక్కతే నీళ్ళచెంబుతో పరిగెత్తింది.

ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రిలో ఎంత ప్రయత్నించినా చూపు తిరిగి రాలేదు. ఓదెలును మళ్ళీ బస్సు నడపనివ్వలేదు. ఇప్పుడు డిపోలో కూర్చుని, వేరేవాళ్ళు నడిపే బస్సులకు గేటు తీస్తున్నాడు.

ధనుంజయ్ సారు ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. కోమలనడిగి నన్ను తీసుకుని, తెచ్చుకున్న తోలుముక్క కత్తిరించి నా చుట్టూ కుట్టాడు. దూరం నుంచి చూస్తే ప్లాస్టిక్ కనబడటం లేదు, అచ్చం పాతకాలపు వస్తువునే. కోమల ఇచ్చిన టీ చల్లారేలోపు ఆ పని అయిపోయింది. మహానుభావుడికి ఈ ఆలోచన మేళాకు ముందు వచ్చి ఉంటే! కోపమొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది.

ఈ ఏడు ఓదెలు మళ్ళీ మేళాకు బయలుదేరితే కోమల గొడవ పెట్టుకుంది. "స్టీరింగు పాయె. సుత్తి గూడ గుంజుకుంటవా?" అన్నాడు.

కోమల నన్ను ఒళ్ళో పెట్టుకుని కుడి అద్దం తుడిచింది. ఎడమ అద్దం దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని వెనక నేను కాపాడాల్సింది ఇక ఏమీ లేదు. కోమల కొంగు మళ్ళీ అందుకుని, ఆ అద్దాన్నే చాలాసేపు తుడిచింది.