ఆరు బైట్లు ఎక్కువ

బడి వ్యాయామశాల కిటికీలకు నల్లగుడ్డలు కట్టడమంటే మాటలా? ఒక్కో కిటికీకి నిచ్చెన ఎక్కాలి, దిగాలి, జరపాలి, మళ్ళీ ఎక్కాలి. ఇర్మెలి ఆఖరి కిటికీ దగ్గర ఎక్కనైతే ఎక్కింది గానీ దిగడానికి ఓపిక లేక పైమెట్టు మీదే కూలబడింది. కింద నిచ్చెన పట్టుకుని చిన్ననాటి నేస్తం కౌకో నిలబడ్డాడు.

"ఏమ్మా మహాతల్లీ, అక్కడే కాపురం పెట్టేస్తావా?"

"పెట్టేస్తా. కాఫీ పైకే పంపించు."

"నా చేతులు లాగేస్తున్నాయి తల్లీ, దిగు."

దిగింది. దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి. యాభై దాటాక ఇవన్నీ అవసరమా అని ఏటా అనుకుంటుంది, ఏటా ఎక్కుతుంది.

బయట నవంబరు. కయానీ ఊరంతా సగం మంచు, సగం నీళ్ళు. ఆ బురదమంచునే అక్కడివాళ్ళు లోస్కా అంటారు. కుర్రతనంలో నవ్వులాటకి, ఏటా ఈ హాల్లో జరిపే తమ కంప్యూటర్ల జాతరకీ ఆ పేరే పెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో హెల్సింకీ నుంచి కూడా రైళ్ళెక్కి వచ్చేవాళ్ళు. తమ తమ కంప్యూటర్లు దుప్పట్లలో చుట్టుకుని, చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళు. హాల్లో కాలు పెట్టడానికి సందుండేది కాదు. ఇప్పుడు మహా అయితే ముప్ఫై మంది. అందరికీ నెత్తి నెరిసింది, లేదంటే నెరవడానికి నెత్తి మీద ఏమీ మిగల్లేదు. కొత్త మొహం చూసి ఎన్నేళ్ళయిందో!

పొద్దున కారులో వస్తూ ఇర్మెలి తేల్చి చెప్పేసింది. "ఇదే ఆఖరు కౌకో. సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు మైకులో చెప్పేస్తాను. ఇంక నా వల్ల కాదు."

కౌకో కాదనలేదు, బతిమాలనూ లేదు. "సాసేజీలు ఇవి చాలుతాయంటావా?" అని మాత్రం అడిగాడు. వాడు వాదించి ఉంటే కొంచెం బావుండేదని ఆవిడకి దారి పొడుగునా అనిపించింది.

మధ్యాహ్నం ఊరి పత్రిక నుంచి యల్మరి అనే విలేఖరి వచ్చాడు. మనిషి మంచివాడే, తడి బూట్లు గుమ్మం దగ్గరే విప్పి లోపలికొచ్చాడు.

"ఇంతకీ ఇది గేమా అండీ?"

"కాదు."

"పోనీ, సినిమానా?"

"సినిమా ముందే తీసి దాచుకున్నది. ఇది అలా కాదు. బొమ్మా, పాటా, అన్నీ కంప్యూటరు అప్పటికప్పుడు మీ కళ్ళెదుటే లెక్కగట్టి పుట్టిస్తుంది. ఎలా పుట్టించాలో మేం రాసిస్తాం. దాన్ని డెమో అంటాం. ఎంత తక్కువలో రాస్తే అంత గొప్ప. ఇవాళ్టి పోటీకి హద్దు నాలుగు వేల తొంభై ఆరు బైట్లు. మీ ఫోనులో ఒక్క ఫోటో పట్టే చోట ఇలాంటివి వెయ్యి పడతాయి."

"అబ్బో! దీనివల్ల ఉపయోగం?"

"ఏమీ లేదు."

"మరెందుకు చేస్తున్నారు?"

ఒకప్పుడైతే ఈ ప్రశ్నకి ఇర్మెలి గంటసేపు చెప్పేది. కళ్ళు పెద్దవి చేసి, చేతులు తిప్పి చెప్పేది. చెప్పి చెప్పి ఆ మాటలన్నీ నలిగిపోయాయి. "అలవాటు," అంది.

"కొత్తవాళ్ళకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు."

అతగాడు రెండు జవాబులూ రాసుకున్నాడు. వాకిట్లో కౌకో కాల్చిన సాసేజీ ఒకటి ఆవాలముద్దతో తిని, ప్రదర్శన మొదలవకుండానే వెళ్ళిపోయాడు.

పోటీకి డెమోలు తీసుకునేది రెండింటివరకే. రెండవడానికి పది నిమిషాలుందనగా గుమ్మంలో ఎర్ర ఉన్నిటోపీ కనిపించింది. పాతికేళ్ళుంటాయేమో, అమ్మాయి. బూట్లు తడిసి ముద్దయ్యాయి. చేతిలో సూపర్ మార్కెట్ సంచి.

"ఈతకొలను పక్క బిల్డింగమ్మా," అంది ఇర్మెలి తల ఎత్తకుండానే.

"ఈతకి కాదండీ. లోస్కా ఇదేనా? ఇంకా జరుగుతోందా?"

ఆ "ఇంకా" ఇర్మెలికి చురుక్కుమంది. తల ఎత్తి చూసింది. అమ్మాయి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. పేరు పిహ్లా అట. ఊరవతల పాతసామాన్ల అంగడిలో పనిచేస్తుందట. పోటీకి ఒకటి రాసుకొచ్చిందట.

ఇర్మెలి దాన్ని తన కంప్యూటర్లోకి ఎక్కించి అంకె చూసింది. నాలుగు వేల నూట రెండు.

"ఆరు బైట్లు ఎక్కువ."

"ఆరేనా? ఫరవాలేదు కదండీ?"

"ఆరైనా ఒకటే, అరవై వేలైనా ఒకటే. హద్దు దాటితే పోటీలో ఉండదు."

కఠినంగా అనాలని అన్లేదు. ఈ హాల్లో జనం తగ్గారు, జుట్టు తగ్గింది, సరదా తగ్గింది. తగ్గకుండా, పెరగకుండా నిలబడింది ఆ అంకె ఒక్కటే. దాన్ని కూడా జరిపేస్తే ఇంక ఇన్నేళ్ళూ చేసిందేమిటి?

పిహ్లా నేలమీదే చతికిలబడింది. "వారం నుంచి పిండుతూనే ఉన్నానండీ. ఇంక పిండడానికి చుక్క లేదు. తీస్తే గీస్తే చివర ఉన్న పలకరింపుల్లోంచే తీయాలి."

డెమో చివర తోటివాళ్ళని పేరు పేరునా పలకరించడం వీళ్ళలో మర్యాద. ఒకప్పుడు ఎవరి డెమో వచ్చినా ముందు తమ పేరుందా లేదా అనే చూసుకునేవాళ్ళు. లేకపోతే మూతులు ముడిచేవాళ్ళు, నెలల తరబడి మాటలుండేవి కావు.

"ఏదీ, చూడనీ," అని ఇర్మెలి వంగి తెర మీదికి చూసింది.

ROUTA. HALLA. MUTTERI. వాటి వెనక, ఎప్పుడో విడిపోయిన రెండు బృందాల పేర్లు. రౌతా, హల్లా, ముత్తెరి: ఇవి అమ్మానాన్నలు పెట్టినవి కావు, ఈ డెమోల లోకంలో తమకి తాము పెట్టుకున్నవి. ముత్తెరి అంటే బయట సాసేజీలు తిప్పుతున్న కౌకో. హల్లా అంటే ఇర్మెలే.

"ఈ పేర్లు నీకెక్కడివి?"

"అంగడికొచ్చిన పాత కంప్యూటరొకటి నచ్చి నేనే తీసుకున్నానండీ. లోపల ఒక డిస్కు ఇరుక్కుపోయి ఉంది. ఆన్ చెయ్యగానే తెరంతా మంచుతుపాను! వైరస్ అనుకుని హడలిపోయా. తర్వాత అందులోంచి అడవి, అడవిలోంచి ఒక తోడేలు... తుయిస్కు బృందం చేసింది అని వచ్చింది. చివర్న ఎవరేం చేశారో ఈ పేర్లు, ఇంకో రెండు బృందాల పేర్లు. చూస్తున్నవాళ్ళందరికీ నమస్కారం, కయానీలో లోస్కాకి రండి అని ఉంది. నన్నే పిలిచినట్టనిపించింది. నన్నింతవరకూ దేనికీ ఎవరూ పిలవలేదు లెండి. అప్పట్నుంచి కూర్చుని నేర్చుకున్నా."

పాతికేళ్ళ కిందటి పేర్లని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసేసుకుంది, పిచ్చిపిల్ల. ఎవరైనా తమవాళ్ళ పేర్లు రాసుకుంటారు. ఈ పిల్లకి తనవాళ్ళంటే ఇక్కడ ఎవరున్నారు గనక?

"వీళ్ళంతా ఇవాళ వచ్చే ఉంటారు కదండీ? నాకు రౌతాగారిని చూడాలనుంది. ఆ తుపాను రాసింది ఆయనేగా?"

"ఆయనే." ఇర్మెలి నడుం ఎత్తి నిలబడింది. "లేడమ్మా. పోయి నాలుగు చలికాలాలైంది."

"అయ్యో," అంది పిహ్లా. కాసేపు టోపీ అంచు నలుపుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లిగా, తప్పేమోనని భయపడుతూనే, "అయితే... ఆయన పేరు అయిదక్షరాలు. పక్కన ఖాళీ ఒకటి. అక్షరానికో బైటు, సరిగ్గా ఆరు. తీసెయ్యనా?" అంది.

అందులో తప్పేముంది? పలకరింపు తిరిగి పలికేవాళ్ళకే. ఊ అంటే అయిపోతుంది.

ఊ అనలేకపోయింది. రౌతా అసలు పేరు ఓయివా. ఓయివా అంత్యక్రియల్లో పాస్టరు అతను లిఫ్టుల కంపెనీలో బుద్ధిగా ఉద్యోగం చేశాడని చెప్పాడు, చేపలవేట ఇష్టమని చెప్పాడు. రౌతా అనే మాట ఆయన నోట రాలేదు, ఆయనకి తెలిస్తేగా! ఆ పేరు పలికేది ఈ హాల్లోనే. ఈ హాలు కూడా ఇవాళ్టితో సరి. ఇర్మెలికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి, అది లేదు.

కౌకో పేరు తీయిద్దామంటే వాడు చచ్చేదాకా సణుగుతాడు.

"రౌతా ఉండనీ. హల్లా తీసెయ్. అదీ అయిదక్షరాలే."

"హల్లాగారు కూడా పోయారా?"

"పోలేదు. మానేస్తోంది."

"కానీ తుయిస్కులో బొమ్మలన్నీ ఆవిడవే కదండీ. ఆ తోడేలు! ఆవిడ వచ్చి చూసి, తన పేరు లేదని నొచ్చుకుంటే?"

"నొచ్చుకోదు. దాని సంగతి నాకు తెలుసు. తియ్యి తియ్యి, టైమైపోతోంది."

పిహ్లా మనసొప్పకుండానే తీసింది. అంకె నాలుగు వేల తొంభై ఆరు దగ్గర ఆగింది. ఇర్మెలి పోటీలోకి తీసుకుంది.

నాలుగింటికి దీపాలార్పారు. మొదటిది సగంలో ఆగిపోతే అందరూ ఈలలేశారు, రెండోది బావుందన్నారు. మూడోది పిహ్లాది. సూపర్ మార్కెట్ వెనక కార్లు నిలిపే చోటు, ఒకటే దీపస్తంభం, దాని కింద మంచు రాలుతోంది. పాట ఏమీ లేదు, బిల్లు కొట్టే యంత్రం కీచుమనే చప్పుడు మాత్రం. ఆ చప్పుడు వినగా వినగా పాటై కూర్చుంది. గొప్పగా ఏమీ లేదు. అక్కడక్కడా తడబడింది కూడా. అయినా హాల్లో ఎవరూ దగ్గలేదు.

చివర్న మంచులోంచి పేర్లు లేచాయి. ROUTA అని వచ్చేసరికి ముందువరసలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తలుపు దగ్గర పట్టకారుతో నిలబడ్డ కౌకో తన పేరు చూసి టోపీ తీశాడు. తెర నల్లబడింది. అందరూ కాళ్ళతో నేలని దడదడా తొక్కారు. వీళ్ళకి నచ్చితే చేసే పని అది.

ఆ చప్పుడులోంచే వెనక బెంచీ నుంచి ఒక గొంతు లేచింది. "రౌతా సరే, హల్లా ఏదీ?"

"అవును, హల్లా ఏదీ?" అని ఇంకొకరు. "రౌతా ఉండి హల్లా లేకపోవడమేమిటి? ఎవరు రాశారిది?" ముప్ఫై మందీ అందుకున్నారు. వీళ్ళకి పెళ్ళిరోజులు గుర్తుండవు గానీ పలకరింపుల్లో పేరు తప్పితే మాత్రం తెలిసిపోతుంది.

ఎవరో దీపాలు వేశారు. పిహ్లా లేచి నిలబడింది. మొహం టోపీకంటే ఎర్రగా ఉంది. "ఆరు బైట్లు ఎక్కువైందండీ! హల్లాగారి పేరు ఉందండీ నిజంగా, కానీ ఇదిగో, ఈవిడే తీసెయ్యమన్నారు!" అని ఇర్మెలి వైపు వేలు చూపించింది.

హాలంతా ఇర్మెలి వైపు తిరిగింది. పిహ్లా వాళ్ళ మొహాలు చూసింది, ఇర్మెలి మొహం చూసింది. వేలు మెల్లిగా కిందికి దిగిపోయింది.

"మీరా?" అంది.

"దీపాలార్పండ్రా," అంది ఇర్మెలి. "ఇంకా రెండున్నాయి. లేటవుతోంది."

ఓట్లు లెక్కపెడితే పిహ్లాది చివరినుంచి రెండోది. ఆ అమ్మాయికి అదేమీ పట్టినట్టు లేదు. బహుమతులయ్యాక కౌకో మైకు తెచ్చి ఇర్మెలి చేతిలో పెట్టాడు. "చెప్తానన్నావుగా. చెప్పు మరి," అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

ఇర్మెలి మైకు పట్టుకుని నిలబడింది. నడుము నొప్పిగా ఉంది. అనుకున్న మాటలన్నీ గుర్తున్నాయి, అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఎదురుగా ముందువరసలో ఎర్రటోపీ ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల కూర్చుంది.

"ఒక మాట," అంది ఇర్మెలి. గొంతు మైకులో బొంగురుగా పలికింది. "ఈ నిచ్చెన నేనింక ఎక్కను. ఎక్కలేను. నల్లగుడ్డలు కట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉంటేనే వచ్చే నవంబరు. లేకపోతే లేదు."

ముప్ఫై మంది మోకాళ్ళనొప్పుల మనుషులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పిహ్లా చెయ్యెత్తింది.

"నేనెక్కుతానండీ," అంది. "కానీ మీ పేరు ఈసారి నేనే రాస్తాను. మీరు మధ్యలో రాకూడదు."