నాలుగో కాలమ్

ఉలిగప్ప ప్రింటరులోంచి వచ్చిన కాగితానికి రెండు వైపులా ఉన్న చిల్లుల అంచును జాగ్రత్తగా చింపుతున్నాడు. పెనుకొండ నుంచి పాసింజరు బండిలో రావడం, హిందూపురంలోని ఈ మిద్దెమీది ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాములు నడిపించి, ఏ పనికి ఎంత సమయం పట్టిందో కొలిచి ఫైలు చేయడం, ఆరేళ్లుగా ఇదే. వయసు యాభై రెండు. లోతుకు పోయిన బుగ్గలు, వేళ్లకు ఎప్పుడూ రిబ్బను మసి.

ఈ రోజు చింపడం మధ్యలోనే ఆగిపోయాడు. కాగితం మీద కొన్ని పనులకు పట్టిన సమయం సున్నా కన్నా తక్కువ. అంటే మొదలుకాకముందే ముగిశాయన్నమాట! వేరే రోజైతే నవ్వేవాడే. ప్రోగ్రాము రాసిన భారతి మాత్రం నవ్వే స్థితిలో లేదు. తప్పు ఆమెదేనని, ఆమె ఉద్యోగం సంగతి సాయంత్రం అయిదుకు తేల్చేస్తామని బెంగళూరు హెడ్డాఫీసు వాళ్లు అన్నారు.

"నేను సరిగ్గానే రాసినానన్నా. యాడ తప్పుందో తెలీలేదు" అంది భారతి.

మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచాడు గానీ ముద్ద దిగలేదు. ఒకప్పుడు ధర్మవరంలో మగ్గాల షెడ్డులో రిజిస్టరు రాసేవాడు. చీరలో లోపం వస్తే నేసినవాణ్ణి తిట్టేముందు, ఏ మగ్గం మీద నేశాడో చూసేవారు.

ఏ మగ్గం మీద?

డబ్బా పక్కకు నెట్టేశాడు. పోయిన నెల వచ్చిన కొత్త కంప్యూటరులో రెండు ప్రాసెసర్లు. ఒక్కో పని, అదే థ్రెడ్, ఎప్పుడు దేని మీద నడిచిందో చూపే నాలుగో కాలమ్ సమయం కొలిచే టూలులో ఉంది. కాగితం వెడల్పు చాలదని దాన్ని తీసేసింది తనే.

కాలమ్ మళ్లీ పెట్టి ప్రోగ్రాము నడిపాడు. సున్నా కన్నా కిందికి పోయిన ప్రతి పనీ ఒక ప్రాసెసరు మీద మొదలై రెండోదాని మీద ముగిసింది. రెండింటి గడియారాలకూ పొంతన లేదు, రెండోది వెనకబడి నడుస్తోంది. భారతి తప్పేమీ లేదు. నాలుగో కాలమ్‌ను వేరే కాగితం మీద ప్రింటు తీసి, పట్టీలా కత్తిరించి, పాత కాగితం అంచుకు బంకతో అతికించాడు.

మేనేజరు కుళ్ళాయప్ప చూసి, "ఇది ముందే యాల లేదప్పా?" అన్నాడు.

మిషనే చూపలేదని చెప్పొచ్చు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఉలిగప్పకు చాలా భయమేసింది.

"నేనే తీసేసినా సార్. కాగితంలో పట్టలేదని."

అయిదుకు ఫోను మోగింది. చాలాసేపటికి కుళ్ళాయప్ప గదిలోంచి బయటికొచ్చాడు.

"ఆ పాపకేం బయం లేదు. నిన్ను మాత్రం రేపట్నించి వద్దంటాండారప్పా. నా చేతుల్లో ఏం లేదు."

ఉలిగప్ప తల ఊపాడు. తినని అన్నం కుక్కకు పెట్టి, డబ్బా కడుక్కుని, కుర్చీ లోపలికి జరిపి, ఆరున్నర బండికని మెట్లు దిగాడు. భారతి వెనకాలే పరుగెత్తింది గానీ అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

తిరిగొచ్చి ఆమె, ఆ కాగితం ఉన్న ఫైలును బీరువాలో పెట్టింది. తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి వేలెడు వెడల్పు కాగితం పట్టీ బయటికి వచ్చి ఉంది, దాని బంక ఇంకా ఆరలేదు.