ఒంటి గేదె పాలు

తెనాలి డెయిరీకి వెళ్ళిన నందివెలుగు ఊరి పాల క్యాన్లు మధ్యాహ్నానికల్లా నిండుగానే తిరిగొచ్చాయి. వాటి వెనకే జీపులో హనుమాన్‌ప్రసాద్ దిగాడు. డెయిరీలో పాల నాణ్యత చూసే ఆఫీసరు.

"పాలల్లో బూజు విషం ఉంది," అన్నాడు, పొద్దున తిన్న టిఫిన్ సంగతి చెప్పినట్టు.

పాల కేంద్రం నడిపే సుభాని మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి నాకాడు. అతని ముక్కును దాటి చెడ్డపాలు ఊరి పొలిమేర దాటవని పేరు.

"బానే ఉన్నాయి కదండీ."

"బానే ఉంటాయి, అదే చిక్కు. వాసన రాదు, విరగవు. ఇంటింటి పాలూ విడివిడిగా సీసాల్లో పట్టించు, ల్యాబ్‌కి పంపాలి."

అన్నీ పట్టించాక, మనవరాలి కోసం పక్కన పెట్టుకున్న చెంబులోంచి కూడా ఓ సీసా నింపాడు సుభాని.

"ఇదీ పంపండి సార్. మంచి పాలంటే ఎలా ఉంటాయో మీవాళ్ళకి తెలుస్తుంది."

అవి కనకరత్నం గేదె పాలు. పదిళ్ళ పాలు కలిపి పడితే చంటిపిల్లకి అరగవని, ఒంటి గేదె పాలే పట్టాలని ఆ ఊళ్ళో అందరి మాటా. కూతురు ఫిర్దోస్ చనుబాలు పిల్లకి చాలకపోతే, ఊరంతా గాలించి ఆ గేదెను ఎంచింది సుభానీయే. పాలు చిక్కబడాలని దానికి నూనె తీసిన వేరుశనగ చెక్క రెట్టింపు పెట్టించిందీ అతనే.

ఫలితాలు వచ్చాయి.

"ఊరందరి పాలల్లోనూ ఎంతో కొంత ఉంది," అన్నాడు హనుమాన్‌ప్రసాద్. "నీ మంచి పాల సీసా మాత్రం ల్యాబ్ వాళ్ళు రెండోసారి చూశారు. విషం అంత ఎక్కువ చూపిస్తే, మొదట మిషన్ పాడైందనుకున్నారట."

ఇద్దరూ కనకరత్నం ఇంటికి వెళ్ళారు. ఆమె చెక్క బస్తా విప్పి చూపించింది.

"బాపట్ల లారీవాడు వానకి తడిసిన చెక్క చవగ్గా ఇస్తే ఊరంతా కొన్నాం. బూజుంటే చీపురుతో దులిపి ఎండేశా తమ్ముడూ. నీ మనవరాలి గేదె అని దీనికి ఇంకో దోసెడు ఎక్కువే పెట్టా. నువ్వేగా చెప్పింది?"

"నేనే చెప్పా అక్కా."

"దులిపితే పోదమ్మా, మరగబెట్టినా పోదు," అన్నాడు ఆఫీసరు. "చెక్క ఆపండి, నాలుగైదు రోజుల్లో పాలు బాగుపడతాయి."

"తాగిన పిల్ల మాటేంటి సార్?"

హనుమాన్‌ప్రసాద్ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. "లివర్ మీద పనిచేసే విషం సుభానీ. వెంటనే ఆపు. డాక్టర్‌కి చూపించు."

సుభాని ఇంటికి వెళ్ళేసరికి ఫిర్దోస్ ఒళ్ళో పాప, చేతిలో ఉగ్గుగిన్నె. గిన్నె లాక్కున్నాడు.

"మూడు పొంగులు రానిచ్చాను అబ్బా!" అంది తండ్రితో.

"పొంగినా పోదంట."

పాలు కాలవలో పోశాడు. వాసన పట్టి పిల్లి వస్తే దాన్నీ అదిలించాడు.

తెనాలి డాక్టర్ పాప పొట్ట నొక్కి, రక్తం పరీక్ష చేయించి, ప్రస్తుతానికి లివర్ బాగుందన్నాడు. కొన్నాళ్ళు డబ్బా పాలు పట్టమన్నాడు. ఊరందరి పాలూ కొలిచే సుభాని మందుల షాపులో పాలు కొన్నాడు.

ఇంటికొచ్చి డబ్బా మూత తీసి, అలవాటుగా వాసన చూశాడు. బానే ఉంది.

అదే అతన్ని భయపెట్టింది.