పడమటి కంటికి పూలదండ

"ఎవరి పనో తేలగానే వాళ్ళని అదే రోజు ఇంటికి పంపించెయ్యండి" అని సోమవారం మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఇంకేం చెప్పినా ముందు ఆ మాట ఒప్పుకోవాలి.

నా పేరు థవిన్. నది ఒడ్డున ఉన్న మా ఐదంతస్తుల కంటి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా కరెంటు, నీళ్ళు, లిఫ్టు, ఏసీలు అన్నీ నా చేతి కిందే నడుస్తున్నాయి. ఆపరేషనైనవాళ్ళు పడుకునే ఐదో అంతస్తు వార్డు పడమటి ముఖం. దానికి నిరుడు కరెంటు అద్దాలు పెట్టించాను. ఎండ ముదిరితే వాటంతట అవే నీలమెక్కుతాయి, మబ్బు పడితే మళ్ళీ తేటపడతాయి. పరదాలక్కర్లేదు, ఏసీ సగం పనిచేస్తే చాలు, పైగా పడుకున్నవాళ్ళకి నది కనిపిస్తూనే ఉంటుంది. పైవాళ్ళు వద్దంటే నాలుగు నెలలు వెంటపడి ఒప్పించాను. అద్దాలొచ్చాక మా చుట్టాలందర్నీ తీసుకొచ్చి మరీ చూపించాను.

అలాంటిది మూడు వారాలుగా, మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు ఎదురుగా నిలబడి కాల్చేస్తుంటే, నా అద్దాలు చలనం లేకుండా తేటగానే ఉండిపోతున్నాయి. వార్డులో ముప్ఫై ఒక్క డిగ్రీలు. అప్పుడే కట్టు విప్పించుకున్న ముసలివాళ్ళు దిండ్లలో మొహాలు దాచుకుంటున్నారు.

అద్దాల కంపెనీ ఇంజనీరు బెంజ్ వచ్చాడు. పేరేమో కారుది, వచ్చేదేమో అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుని.

"అన్నా, మా అద్దాలకేం రోగం లేదు. పడమర మబ్బేసిందని మేడ మీది సెన్సర్ చెబుతోంది. అందుకే నీలమెక్కడం లేదు. మీవాళ్ళెవరో చెయ్యి పెట్టారు" అన్నాడు.

"మబ్బా? బయటికెళ్ళి పది నిమిషాలు నిలబడు నాయనా. నీ నెత్తి మీద గుడ్డట్టు వేసుకుని తింటాను!"

మా పెద్ద డాక్టరమ్మ ఒరవన్ గారు మాత్రం నవ్వలేదు. సోమవారం మీటింగు పెట్టి, శుక్రవారానికల్లా కారణమూ, చేసిన మనిషి పేరూ కాగితం మీద కావాలన్నారు. అప్పుడే నేను ఆ అరుపు అరిచింది. ఆవిడ తలూపి, "సరే, ఆ మనిషి శుక్రవారమే వెళ్ళిపోతారని పైవాళ్ళకి రాస్తున్నాను" అన్నారు. నాకు సంతోషమేసింది కూడా.

ఆ సెన్సర్ అంటే ఓ తెల్లటి స్తంభం. తల చుట్టూ పన్నెండు గాజు కళ్ళు. ఏ దిక్కు కంటికి ఎండ తగిలితే ఆ దిక్కు అద్దాలకి కబురు వెళ్తుంది. మేడ మీద, ఈ చోటుని కాపాడే స్థలదేవతకి బుల్లి గుడి ఉంది, దాని పక్కనే, అదే అరుగు మీద ఉందా స్తంభం. నేనూ బెంజూ నాలుగుసార్లు పైకెళ్ళాం. కింద పెట్టె విప్పాం, తీగలు మార్చాం. వెళ్ళిన ప్రతిసారీ అరుగు ముందు చేతులు జోడించి, తల వంచి, దిగొచ్చాం.

బుధవారం మూడింటికి ఒక్కణ్ణే వెళ్ళాను. చేతిలో సెన్సర్ అంకెలు చూపించే పలక. నది మీంచి గాలి విసిరింది. పడమటి అంకె ఒక్కసారిగా ఎగిరి, మళ్ళీ పడిపోయింది. ఇంకోసారి గాలి, ఇంకోసారి అంతే. తలెత్తి చూశాను. స్తంభం మెడలో మల్లెలూ బంతిపూలూ కలిపి గుచ్చిన లావాటి దండ. దాని ముడి సరిగ్గా పడమటి కంటి మీద కూర్చుంది.

ఆ దండని నేను అంతకుముందు చూడకపోలేదు. వెళ్ళిన నాలుగుసార్లూ చూశాను. దేవుడి అరుగు మీద పూలుంటే వింతేముంది? పైగా దానికి కూడా దణ్ణం పెట్టుకున్నాను, బుద్ధి లేని వెధవని!

ఒళ్ళు మండిపోయింది. లాగి పారేద్దామని చెయ్యెత్తాను గానీ, పూజ చేసిన పూల మీద చెయ్యి పడలేదు. వేసేదెవరో రేపు పొద్దున కాపు కాసి పట్టుకుంటానని దిగిపోయాను.

గురువారం పొద్దున ఆరింటికి మెట్లెక్కి వచ్చింది పికున్ అక్క. ఐదో అంతస్తు తుడిచే మనిషి, అరవై ఒకటి దాటాయి. గుడికి ఓ దండ వేసి, నైవేద్యంగా ఎర్ర సోడా సీసా పెట్టి, దేవత తాగడానికి అందులో గొట్టం వేసి, దణ్ణం పెట్టుకుంది. తర్వాత ముక్కాలి పీట ఎక్కి, పాత దండ తీసి, స్తంభానికి కొత్తది వేసింది. పడమటి మెట్ల వైపు నుంచి వస్తుంది కాబట్టి ముడి ఎప్పుడూ తన వైపే.

"అక్కా, దీనికెందుకు దండ?" అన్నాను.

"నీకు తెలీదా తమ్ముడూ? నాకు మూడేళ్ళు చూపు లేదు. చెబితే పన్లోంచి తీసేస్తారని తడుముకుంటూ తుడిచాను. నెల కిందట ఇక్కడే ఆపరేషన్ చేశారు కదా, కట్టు విప్పుతుంటే వణికి చచ్చాను. వెలుతురు సూదుల్లా పొడుస్తుందని ఒకటే భయపెట్టారు మరి. తీరా కళ్ళు తెరిస్తే కిటికీ నిండా చల్లటి నీలం! దాని వెనక నది, నదిలో పడవ, పడవ మీద ఆరేసిన ఎర్ర చొక్కా. ఎవరమ్మా ఇంత నీడ పట్టిందీ అని నర్సునడిగితే, మేడ మీద తెల్ల స్తంభం ఉంది, ఎండ సంగతంతా అదే చూసుకుంటుందంది. మళ్ళీ పన్లోకొచ్చిన రోజు నుంచీ దండ వేస్తున్నా. పక్కన గుళ్ళో ఆయనకి వేసి ఈయనకి వెయ్యకపోతే ఏం బాగుంటుంది చెప్పు?"

ఆవిడ మళ్ళీ పన్లోకొచ్చి సరిగ్గా మూడు వారాలు. ఈ వయసులో పని పోతే ఆవిడకి ఇంకో చోట చీపురు కూడా ఇవ్వరు.

"అక్కా, ఆ గాజుబిళ్ళలు కళ్ళు. నీ దండ ముడి పడమటి కంటికి అడ్డమొచ్చింది. దానికి ఎండ కనిపించక, కింద నీడ పట్టడం మానేసింది."

ఆవిడ గాజుబిళ్ళ వైపూ, దండ ముడి వైపూ మార్చి మార్చి చూసింది.

"వార్డులో వాళ్ళు... దిండ్లలో మొహాలు పెట్టుకుని... అది నా వల్లా?" పీట ఎక్కి దండ తీసేసింది. దిగి నేల మీద కూలబడిపోయింది. "కంటికి అడ్డం కట్టానా తమ్ముడూ? నేనా? మూడేళ్ళు గుడ్డిగా బతికినదాన్ని, నాకు తెలియొద్దూ!" అని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నా పేరు రాసెయ్. చేసింది నేనే కదా" అంది.

ఆ రోజంతా ఆ చోటు గురించే ఆలోచించాను. నిరుడు ఆ స్తంభం పెట్టడానికి మేడంతా తిరిగాను. ఓ పక్క నీళ్ళ ట్యాంకు నీడ, ఓ పక్క లిఫ్టు గది నీడ. అప్పుడు గుర్తొచ్చింది. కట్టడం నీడ పడని చోటే స్థలదేవతని నిలపాలి కాబట్టి, పంతులుగారు ఏనాడో వెతికి పెట్టిన చోటు ఒకటుంది. అక్కడ పొద్దుగూకేదాకా ఎండే. ఇంత తెలివైనవాణ్ణి ఇంకెవరున్నారనుకుంటూ అక్కడే పాతించాను. అది కూడా పీటేస్తే చేతికందే ఎత్తులో. దేవుడి అరుగు మీద తెల్లటి స్తంభం నిలబెడితే మా ఊళ్ళో పూలు వెయ్యని మనిషుంటాడా?

శుక్రవారం కాగితం ఇచ్చాను. "కారణం: సెన్సర్‌ని స్థలదేవత అరుగు మీద పెట్టడం. పెట్టించినది: థవిన్." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఒరవన్ గారు రెండుసార్లు చదివారు. "దండ వేసిందెవరు?"

"ఎవరు వేసినా తప్పు చోటుది డాక్టరమ్మా. చోటు నాది."

"సోమవారం నువ్వేమన్నావో..."

"గుర్తుంది."

"పైవాళ్ళకి రాసేశాను థవిన్." ఆవిడ కాగితం మడిచి ఫైల్లో పెట్టారు. "తాళాలు అక్కడ పెట్టెయ్."

నడుముకున్న గుత్తి తీసి బల్ల మీద పెట్టాను.

వెళ్ళేముందు వార్డులోంచి నడిచాను. మూడు దాటింది. అద్దాలు అంచుల నుంచి మెల్లగా నీలమెక్కుతున్నాయి. నర్సు ఓ తాత కట్టు విప్పుతోంది. ఆయన దిండు కోసం తడుముకోలేదు. నది వైపే చూస్తూ, "ఆ పడవ ఎటు పోతోందమ్మా?" అని అడిగాడు.

పికున్ అక్క గుడ్డ పిండుతూ నా దగ్గరికొచ్చింది. "ఇవాళ దండ స్తంభం మొదట్లో పెట్టాను. కళ్ళకి తగల్లేదు" అని గుసగుసగా చెప్పి, "రాశావా?" అంది.

"రాశాను."

"మరి నన్నింకా పిలవలేదేం?"

"పిలవరులే అక్కా."

ఆవిడ కొత్త కళ్ళు నా మొహం మీంచి దిగి, నడుము దగ్గర ఆగాయి.

"తాళాలేవి తమ్ముడూ?" అంది.