పిల్లల గదిలో మా అత్తయ్య

మా అత్తయ్య అన్నీ మరిచిపోయింది, పాటలు తప్ప. అన్నం తిన్నదో లేదో గుర్తుండదు. నేను కోడలినో, ఆసుపత్రి వాళ్ళు పంపిన నర్సునో ఆవిడకు రోజూ అనుమానమే. కానీ ఎవరైనా ఒక కీర్తన మొదటి మాట అందిస్తే చాలు, చివరి చరణం దాకా తడుముకోకుండా పాడుతుంది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ముగించగానే మళ్ళీ మొదటి నుంచి అందుకుంటుంది.

ఆవిడ మా సంఘంలో సండే స్కూలు టీచరు. ఇప్పుడు చెవికి మైకు తగిలించుకుని వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ ప్రసంగించే మా పాస్టరు గారు కూడా చిన్నప్పుడు ఆవిడతో చెవి మెలి పెట్టించుకున్నవాడే. అందుకే ఆయన వాక్యం చదువుతుంటే, "ఒరేయ్, చూసి చదవకు. నేర్చుకొచ్చి చెప్పు" అని కూర్చున్న చోటి నుంచే అనేసేది. మొదట్లో జనం నవ్వేవారు. "మా టీచరమ్మ నన్నింకా వదల్లేదు" అని ఆయనా నవ్వేవాడు.

ఆ తర్వాత లైవ్ వచ్చింది. కెమెరాలు, లైట్లు, వేదిక వెనక గోడంత తెర. మా ఆరాధన ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లలో చూస్తున్నారంటే నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక ఆదివారం కూటం అయ్యాక సౌండు చూసే ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, అమ్మగారి గొంతు మైకుల్లో పడిపోతోంది. ఆ అరిచేదెవరని కామెంట్లలో అడుగుతున్నారు."

పాడటాన్ని అరవడం అంటారని నాకు ఆ రోజే తెలిసింది.

వారం తిరక్కుండానే లైవ్ వ్యవహారమంతా చూసే పెద్దమనిషి, మేమంతా మీడియా అన్న అని పిలిచే ఆయన, భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. నేను షాపు వాళ్ళ కర్టెన్లకు అంచులు కుడుతున్నాను. నేలంతా గుడ్డే. వాళ్ళు ఒక మూల సర్దుకుని కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశారు. అత్తయ్య ఆరోగ్యం కోసం, నా ఓర్పు కోసం, ఆఖరికి నా కుట్టు మిషను కోసం కూడా. ఆ తర్వాత ఆయన నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు.

"అమ్మగారు ఇంటి దగ్గరే లైవ్ చూసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది కదమ్మా. దేవుడు అంతటా ఉన్నాడు."

"అంతటా ఉంటే మనకి అంత పెద్ద హాలు ఎందుకన్నా?"

ఆయన భార్య తెచ్చిన పళ్ళ బుట్టను నా వైపు జరిపింది.

సాయంత్రం మా ఆయనకు చెబితే, "పోనీలే, గొడవెందుకు. అమ్మకి తెలుస్తుందా ఏంటి?" అన్నాడు. తెలుస్తుంది. అదే వీళ్ళెవరి బుర్రకూ ఎక్కదు. అప్పటి నుంచి అత్తయ్యను మందిరానికి తీసుకెళ్ళడం మానేశాం. ఏ రోజు ఆదివారమో ఆవిడకు తెలియదు గానీ, రోజూ తెల్లారగానే బైబిలు చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, "మందిరానికి వేళైంది, పదండి" అంటుంది. ఫోనులో లైవ్ పెట్టిస్తే కాసేపు చూసి, "ఇది టీవీ" అని బల్ల మీద బోర్లించేస్తుంది. మతి పోయిందని అందరూ చెప్పుకునే మనిషికి ఆ తేడా మాత్రం తెలుసు.

పాటలు కూడా ఎన్నాళ్ళో ఉండవని డాక్టరమ్మ ముందే చెప్పింది. అవి పోకముందు ఆవిడను మూడో వరసలో, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, తన మనుషుల మధ్య మళ్ళీ కూర్చోబెట్టాలి. నేను కోరుకున్నది అంతే.

ఇంతలో పెద్దలను సన్మానించే ఆదివారం ఒకటి పెట్టారు. అత్తయ్య మీద వీడియో తీస్తామని మీడియా అన్న మళ్ళీ దిగాడు, ఈసారి లైట్లతో, మనుషులతో. చూడ్డానికి బాగోదని నా మిషనును వంటింట్లోకి నెట్టారు. అత్తయ్య చేతిలో బైబిలు తెరిచి పెట్టి పాడమన్నారు. ఆవిడ పాడింది. చాలన్నా పాడింది. మీడియా అన్న కళ్ళు తుడుచుకున్నాడు. అవి నిజం కన్నీళ్ళే. నాకు మింగుడు పడనిది కూడా అదే.

"ఆ రోజు అత్తయ్యను తీసుకొస్తాను" అన్నాను.

"వీడియో వేస్తున్నాం కదమ్మా."

"వీడియోలో మనిషి ఇక్కడే ఉంది కదన్నా."

ఆయన వంగి వైరు చుట్టుకోసాగాడు.

నేను తీసుకెళ్ళాను. మా ఆయనా వెంట వచ్చాడు. గుమ్మంలోనే పాస్టరు గారి భార్య అత్తయ్యను కావలించుకుని, చెయ్యి పట్టుకుని నడిపించింది. అత్తయ్య మూడో వరస వైపు తిరిగింది. అక్కడ బయటి నుంచి వచ్చిన అతిథులున్నారు. ఆ చెయ్యి ఆవిడను నెమ్మదిగా వెనక్కి, పిల్లల గదిలోకి మళ్ళించింది. ఏడ్చే పసిపిల్లలతో తల్లులు కూర్చునే గది అది. ముందంతా అద్దం. హాల్లో మాటలు స్పీకరులో ఇక్కడికి వినపడతాయి, ఇక్కడి చప్పుడు మాత్రం బయటికి పోదు.

"ఇక్కడైతే చల్లగా, హాయిగా ఉంటుంది అమ్మకి" అందావిడ. "ఒక్క పూటే కదా" అని మా ఆయన హాల్లోకి జారుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే కడిగేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ అత్తయ్య అప్పటికే పిల్లలను చూసి క్లాసు మొదలుపెట్టేసింది. పాల సీసాతో పొర్లుతున్నవాడిని లేపి కూర్చోబెట్టి, "చేతులు కట్టుకో" అంది. వాడు బిత్తరపోయి నిజంగానే కట్టుకున్నాడు. తల్లులు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

అంతలో హాల్లో లైట్లు ఆరిపోయాయి. గోడంత తెర మీద అత్తయ్య ముఖం. పెదవులు ఆవిడవే, గొంతు మాత్రం ఆవిడది కాదు. పాటల బృందంలో అమ్మాయి చేత తీయగా పాడించి, వయొలిన్లు కలిపి అతికించారు. వీడియో అయిపోగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "ఈ తల్లి లేకపోతే నేనిక్కడ లేను" అని పాస్టరు గారు గద్గదంగా అన్నాడు. అందరి వీపులూ మా వైపే ఉన్నాయి.

అత్తయ్య కూడా చప్పట్లు కొట్టింది.

"ఎవరే ఆ పెద్దావిడ? ఎంత భక్తో."

"మీకు తెలిసినావిడే అత్తయ్యా."

"మరి ఇక్కడికి రాలేదేం?"

"తీసుకురావడానికి వీలు పడలేదట."

"అయ్యో. ఎవరూ లేరా పాపం?"

"అందరూ ఉన్నారు."

ఆవిడ నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని తల వంచింది.

"ప్రభువా, ఆ పెద్దావిడని మర్చిపోకయ్యా. వాళ్ళింట్లో వాళ్ళకి మంచి బుద్ధి ఇయ్యి. వచ్చే వారమైనా ఆవిడని తీసుకొచ్చి మందిరంలో కూర్చోబెట్టేలా చెయ్యి. ఆమేన్."

అత్తయ్య తలెత్తి, పాఠం అప్పజెప్పలేని పిల్లను చూసినట్టు నన్ను చూసింది.

"ఆమేన్ అనవేం? ఆవిడ కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" అంది.